విశాఖలో కంటైనరు ఇల్లు: ధర కంటే ముందు ఎత్తు అడగండి

ఓడల్లో సరుకు మోసే ఉక్కు కంటైనరును చిన్న ఇల్లుగా మార్చుకోవాలని, అవి అమ్మే డిపోకు వెళ్లినవారు సాధారణంగా మొదట అడిగేది ధరే. పాతది ఎంతకు వస్తుంది, కొత్తదానికి ఎంత అవుతుంది అని. ఖాళీ పెట్టె ఖరీదు మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. కిటికీలకూ తలుపులకూ కోతలు, వెల్డింగు, వేడిని ఆపే పొర, రంగులు, పునాది, పైన మరో కప్పు, ట్రైలరు, క్రేను అద్దె అన్నీ కలిశాకే అసలు లెక్క తేలుతుంది. పైగా చవకగా దొరికిందని ఎత్తు తక్కువ పెట్టె తెచ్చుకుంటే ఆ లోటు తర్వాత ఎంత డబ్బు పోసినా పూడదు. అందుకే విశాఖలో ఈ పని తలపెట్టేవారు ప్రశ్నల వరుస మార్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ముందు నేల, తర్వాత ఎత్తు, ఆ తర్వాత తుప్పు, చివరికి ధర.

ఈ ఊళ్లో సరుకుకూ పనివాళ్లకూ కొదవ లేదు. 1933లో మొదలైన రేవు, 2003 నుంచి నడుస్తున్న కంటైనర్ టెర్మినల్, వాటిని ఆనుకుని డిపోలు. గాజువాక ఆటోనగర్‌లో ఉక్కును కోసి అతికే షెడ్లు వరుసగా ఉంటాయి. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, జల ఉష ఓడను నీళ్లలోకి దించిన ఊరికి ఇనుప పని కొత్త కాదు. చిక్కంతా వాతావరణంతోనే. ఉక్కపోత, ఉప్పుగాలి, తుఫాను. చల్లని దేశాల్లో కట్టిన కంటైనరు ఇళ్ల ఫొటోలు చూసి ముచ్చటపడేవారు ఈ మూడింటినీ మరిచిపోతారు.

అసలు కంటైనరే కావాలా?

నిజాయితీగా చెప్పాలంటే, మధురవాడలోనో పెందుర్తిలోనో సొంత స్థలం ఉండి, రేపు పైన మరో అంతస్తు వేసుకునే ఆలోచన ఉన్నవారికి కంటైనరు తగదు. 20 అడుగుల కంటైనరు లోపల దొరికేది సుమారు 150 చదరపు అడుగులు. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గది కట్టినా అంతే. పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం బూడిద పుణ్యమా అని ఫ్లైయాష్ ఇటుకలు ఇక్కడ సులభంగా దొరుకుతాయి. ఇటుక గదికి 10 అడుగుల ఎత్తు ఇవ్వచ్చు, మామూలు సీలింగ్ ఫ్యాను బిగించవచ్చు, బ్యాంకు రుణం అడగవచ్చు. తుప్పు భయం ఉండదు.

కంటైనరు తన విలువ చూపేది నేల మనది కానప్పుడు, లేదా ఎప్పటికీ అక్కడే ఉంటామో లేదో తెలియనప్పుడు. ఆనందపురం, పద్మనాభం వైపు మామిడి, జీడిమామిడి తోటలు కౌలుకు తీసుకున్నవారికి, పదేళ్ల లీజు స్థలంలో చిన్న అతిథి గది పెట్టుకునేవారికి ఇది చక్కగా సరిపోతుంది. గడువు తీరాక ఇల్లు లేపి ట్రైలరు మీద పెట్టుకుని వెళ్లిపోవచ్చు. ఇటుక గోడను అలా మోసుకుపోలేం కదా.

ఈ రెండింటికీ మధ్య పోర్టా క్యాబిన్ ఉంది. రెండు రేకుల మధ్య పఫ్ (పాలీయురేథేన్) నురగ నింపిన ప్యానెళ్లతో కట్టేది. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, అది సరికాదు. దీని వెడల్పు 10 అడుగులు పెట్టించుకోవచ్చు, 12 పెట్టించుకోవచ్చు. వేడిని ఆపే పొర గోడలోనే ఉంటుంది. ఎత్తు మన ఇష్టం. రేకు మందం అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి కోసిన అంచుల దగ్గర ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది. బలమంతా లోపలి ఫ్రేము మీదే ఆధారపడుతుంది. సముద్రానికి దూరంగా, సబ్బవరం వైపో కొత్తవలస వైపో, ఒకచోటే ఉంచేటట్లయితే ఎత్తు తక్కువ 20 అడుగుల కంటైనరు కంటే మంచి పోర్టా క్యాబిన్‌లోనే సుఖంగా ఉండవచ్చు. దొంగల భయం ఉన్న ఏకాంత తోటలకు, పదే పదే కదిలించాల్సిన అవసరం ఉన్నవారికి మాత్రం కంటైనరుకు సాటి లేదు.

ఎత్తు దగ్గర రాజీ వద్దు

మామూలు కంటైనరు బయటి ఎత్తు 8 అడుగుల 6 అంగుళాలు. లోపల 2.39 మీటర్లు. హై క్యూబ్ అనే రకం ఒక అడుగు ఎక్కువ: బయట 9 అడుగుల 6 అంగుళాలు, లోపల దాదాపు 2.69 మీటర్లు. వెడల్పు రెండింటికీ ఒకటే, బయట 8 అడుగులు, లోపల 2.35 మీటర్లు. కాగితం మీద ఒక అడుగు తేడాయే కదా అనిపిస్తుంది. లోపల పని పూర్తయ్యాక చూడండి. పైన రెండు అంగుళాల నురగ, దాని కింద ఫ్రేము, బోర్డు. కింద కొత్త నేల. మామూలు పెట్టెలో మిగిలేది ఏడున్నర అడుగులు. అందులో రాడ్డుకు వేలాడే ఫ్యాను పెడితే రెక్కలు ఆరున్నర అడుగుల దగ్గర తిరుగుతాయి. చొక్కా విప్పుకోవడానికి చేతులెత్తితే వేళ్లు తగులుతాయి. హై క్యూబ్‌లో ఎనిమిదిన్నర అడుగులు మిగులుతాయి. సీలింగుకు అంటుకుని ఉండే పొట్టి ఫ్యాను పెడితే తలమీద భయం ఉండదు. ఉక్కపోత ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచేది ఫ్యానే గాని ఏసీ కాదు.

జాతీయ భవన నిర్మాణ నియమావళి మనుషులు నివసించే గదికి 2.75 మీటర్ల ఎత్తు ఉండాలంటుంది. ఏసీ గదులకు 2.4 మీటర్ల వరకు సడలింపు ఉంది. హై క్యూబ్ మొదటి కొలతకు కాస్త తక్కువ, రెండోదాన్ని తేలిగ్గా దాటుతుంది. మామూలు పెట్టె ఖాళీగా ఉన్నప్పుడే రెండో కొలత కూడా అందుకోదు. నా సలహా వెనక ఉన్న అసలు కారణం ఇదే.

ఇక పొడవు. 40 అడుగుల పెట్టెలో సుమారు 300 చదరపు అడుగులు. భార్యాభర్తలకు ఒక పడకగది, వంట మూల, స్నానాల గది పడతాయి. 20 అడుగులది ఒక్కరికి, లేదా వారాంతాల్లో వచ్చిపోయేవారికి. చిక్కేమిటంటే, హై క్యూబ్‌లు 40 అడుగుల్లో విరివిగా దొరుకుతాయి, 20 అడుగుల్లో అరుదు. మరోవైపు 40 అడుగుల పెట్టెను మోసే ట్రైలరు తోట దారి మలుపులు తిరగగలగాలి, అడ్డంగా వేలాడే కరెంటు తీగలు తప్పించుకోవాలి. కొనేముందు ఒక లారీ డ్రైవరును వెంటబెట్టుకుని ప్రధాన రోడ్డు నుంచి స్థలం దాకా నడిచి చూడండి. మలుపు దగ్గర ఆయన తల అడ్డంగా ఊపితే 40 అడుగుల ఆశ వదులుకోవడమే. ఖాళీ 20 అడుగుల పెట్టె రెండుంపావు టన్నులు. హైడ్రా అనే చిన్న క్రేను సునాయాసంగా దించుతుంది. 40 అడుగులది నాలుగు టన్నులకు చేరువ, పైగా పొడవు వల్ల ఊగుతుంది. దానికి పెద్ద క్రేను కావాలి, అది నిలబడటానికి గట్టి నేల కావాలి.

రెండు 20 అడుగుల పెట్టెలు పక్కపక్కన పెట్టి మధ్య గోడ తీసేస్తే దాదాపు 16 అడుగుల వెడల్పు హాలు వస్తుందని ఫ్యాబ్రికేటర్లు ఆశపెడతారు. వస్తుంది. కానీ ఆ రెండూ కలిసే అతుకే జీవితాంతం వాన కారే చోటు అవుతుంది. రెండింటినీ కప్పే ఒకే పైకప్పు వేయగలిగితేనే అటు వెళ్లండి.

కొత్తదా, పాతదా?

ఒకే ఒక్క ప్రయాణం చేసి వచ్చిన పెట్టెలు దాదాపు కొత్తవే. వాటి తర్వాత సరుకు మోయడానికి ఇంకా పనికొచ్చేవి, ఆ తర్వాత గాలివాన లోపలికి రాకుండా ఉండేవి, చివరికి ఉన్నది ఉన్నట్టు అమ్మేవి. ఇంటికి మొదటి రకం మేలు. డబ్బు చాలకపోతే రెండో రకం దగ్గర ఆగండి. ఉన్నది ఉన్నట్టు అమ్మే పెట్టెను మరమ్మతు చేయించే కూలీతో మంచి పెట్టె వచ్చేస్తుంది.

డిపోలో చూసే పద్ధతి చెబుతాను. మధ్యాహ్నం వెళ్లండి. తోడు వచ్చిన మనిషిని బయట నిలబెట్టి, మీరు లోపలికి వెళ్లి తలుపులు మూయించుకోండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పైకీ పక్కలకూ చూడండి. సూదిమొనంత రంధ్రం ఉన్నా ఎండ చుక్కలా మెరుస్తుంది. బయటికి వచ్చాక గోడ అడుగున పొడవుగా నడిచే దూలాన్ని, నాలుగు మూలల నిలువు కమ్మీలను చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఉక్కు ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట చప్పుడు పొడిగా వచ్చి పెచ్చు రాలుతుంది. గోడకు సొట్ట ఉంటే పరవాలేదు. మూల కమ్మీ వంగితే మాత్రం వదిలేయండి, పెట్టె బరువంతా ఆ నాలుగింటి మీదే నిలబడుతుంది. కప్పు మీద గుంట ఉంటే వాననీరు నిలిచి అక్కడే తుప్పు తినేస్తుంది కాబట్టి నిచ్చెన వేసుకుని పైన కూడా చూడాలి.

నేల చెక్క గురించి అమ్మేవాళ్లు చెప్పరు. 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అది, పురుగు పట్టకుండా మందు పట్టించి ఉంటుంది. తలుపు మీద బిగించిన లోహపు పలకలో ఆ చెక్కకు ఏ మందు వాడారో రాసి ఉంటుంది. చిన్నపిల్లలు పాకే ఇల్లయితే ఆ చెక్క తీయించేయండి. తీయడం కుదరకపోతే ఎపాక్సీ పూత వేసి పైన వేరే నేల పరిపించండి. లోపల రసాయనాల వాసన వస్తే ధర ఎంత తగ్గించినా ఆ పెట్టె వద్దు.

చేపలు, రొయ్యలు ఎగుమతి చేసే ఊరు కాబట్టి శీతల కంటైనర్లు కూడా అమ్మకానికి వస్తాయి. గోడలోనే నురగ ఉంది కదా అని అటు మొగ్గుతారు. వాటి గోడ కోస్తే లోపలి నురగ బయటపడుతుంది, దాని పక్కన వెల్డింగు చేయడం ప్రమాదం, లోపలి వెడల్పు మామూలు పెట్టె కంటే కూడా తక్కువ. సరుకు నిల్వకు బాగుంటుంది, కాపురానికి కాదు.

వేడి, చెమ్మ

మే నెల మధ్యాహ్నం ఖాళీ కంటైనరు గోడ మీద అరచేయి నిలవదు. లోపల పొర వేయడానికి మూడు దారులు: థర్మోకోల్, రాతి పీచుతో చేసే రాక్‌వూల్, పిచికారీ చేసే పఫ్ నురగ. థర్మోకోల్ చవక, కానీ అలల్లా ఉండే గోడ ఉక్కుకు అది అతుక్కోదు, వెనక ఖాళీలు మిగులుతాయి. రాక్‌వూల్‌కు నిప్పు అంటుకోదు, అది పెద్ద గుణం. అయితే మన గాలిలో తేమ ఎక్కువ. రాత్రి కప్పు ఉక్కు చల్లబడగానే లోపలి తేమ దాని అడుగున నీటి బిందువులై కారుతుంది, దూది లాంటి రాక్‌వూల్ ఆ నీటిని పట్టుకుని నానుతుంది. పఫ్ నురగ ఉక్కుకు అంటుకుని గాలికి సందు ఇవ్వదు. ఖర్చు ఎక్కువైనా విశాఖకు నేను సూచించేది అదే. నిప్పు భయం ఉంది కాబట్టి దాన్ని తెరిచి ఉంచకుండా సిమెంట్ ఫైబర్ బోర్డుతో మూసేయాలి. జిప్సం బోర్డు ఈ చెమ్మకు ఆగదు. వెల్డింగు పనులన్నీ అయ్యాకే నురగ కొట్టించాలి, వరుస తప్పకూడదు. ఇదంతా అయ్యాక లోపలి వెడల్పు 7 అడుగుల 3 అంగుళాలకు వస్తుంది. మంచం కొలత ఆ లెక్కతో చూసుకోండి.

పొర ఎంత మంచిదైనా ఎండ నేరుగా పడితే సగం ఫలితమే. కంటైనరు మీద ఒకటిన్నర రెండడుగుల ఖాళీ వదిలి రేకుల కప్పు వేయించండి, గాలి ఆ ఖాళీలోంచి పారుతుంది. పడమటి పక్క చూరు కాస్త ముందుకు దించాలి. ఏసీకి పెట్టే డబ్బు తగ్గించుకునైనా ఈ రెండో కప్పు వేయమంటాను. కిటికీలు ఎదురెదురు గోడలకు ఉండాలి. కోసిన ప్రతి రంధ్రం చుట్టూ బాక్స్ పైపు ఫ్రేము వెల్డు చేయించడం తప్పనిసరి, ఎందుకంటే ఆ ముడతల గోడే పెట్టెకు బిగువు.

గాలికి ఎగిరిపోదా?

ఇంత బరువున్న ఇనుము ఎక్కడికి పోతుందని చాలామంది ధీమా. లెక్క చూద్దాం. భవనాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం విశాఖకు ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు గోడ మీద సుమారు 150 కిలోల తోపుడు పడుతుంది. 40 అడుగుల హై క్యూబ్ పొడుగు పక్క 35 చదరపు మీటర్లు. మొత్తం 5 టన్నులకు పైనే. ఖాళీ పెట్టె బరువు 4 టన్నులు కూడా లేదు. వెడల్పు 8 అడుగులే కాబట్టి అది చోటు నుంచి కదలడమే కాదు, పక్కకు ఒరిగి దొర్లగలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి చెట్లను, విమానాశ్రయం కప్పును ఏం చేసిందో చూసినవారికి ఈ లెక్క అక్కరలేదు.

కాబట్టి ఇటుకల దొంతి మీద పెట్టి ఊరుకోవద్దు. నాలుగు మూలల కింద కాంక్రీటు దిమ్మెలు పోసి, అందులో బోల్టులతో ఉక్కు పలక పాతి, కంటైనరు మూలన ఉండే ఉక్కు దిమ్మను దానికి బిగించాలి. గోడలు ఎక్కువగా కోసిన 40 అడుగుల పెట్టెకు మధ్యలో కూడా ఆధారం ఇవ్వాలి. నేల నుంచి అడుగున్నర ఎత్తున ఉంటే కింద గాలి ఆడుతుంది, చెదలు కనిపిస్తాయి, అడుగుకు రంగు వేయడానికి మనిషి దూరగలడు. పైన వేసే రేకుల కప్పుకు కూడా విడిగా స్తంభాలు, దగ్గరదగ్గరగా బోల్టులు ఉండాలి. తుఫానులో ముందు లేచిపోయేది అదే.

మేడ మీద పెట్టుకుంటామని అడిగేవారు చాలామంది. ఇళ్ల పైకప్పు శ్లాబు మీద మనుషులు తిరగడానికి ప్రమాణం లెక్కించే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 20 అడుగుల పెట్టె ఆక్రమించే చోటుకు అది రెండుంపావు టన్నులు. ఖాళీ పెట్టె బరువే అంత. లోపలి పని, సామాను, మనుషులు, నీళ్ల ట్యాంకు అన్నీ ఆపై భారమే, అది కూడా నాలుగు మూలల్లో గుచ్చినట్టు పడుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు దూలాలు చూసి సంతకం పెట్టనిదే ఆ ఆలోచన వద్దు.

ఉప్పుగాలి

కంటైనరు ఉక్కు తుప్పు పట్టదని అమ్మేవాళ్లు చెప్పే మాట సగమే నిజం. కంటైనర్లు చేసే కార్టెన్ ఉక్కు మీద మొదట పట్టే తుప్పే గట్టి పొరగా మారి లోపలి లోహాన్ని కాపాడుతుంది, అది ఉప్పు తగలని చోట. సముద్రపు ఉప్పు పడే చోట ఆ పొర కుదురుకోదు. భీమిలి తీరంలో పెట్టేవారు రంగు మీద పొదుపు చేస్తే రెండు వానాకాలాల్లోనే గోధుమ రంగు చారలు చూస్తారు. తుప్పును ఇసుక వేగంగా చిమ్మి (శాండ్ బ్లాస్టింగ్) తీయించడం, జింకు ఎక్కువగా ఉన్న ఎపాక్సీ ప్రైమరు, మధ్యలో ఎపాక్సీ, పైన పాలీయురేథేన్ పూత: ఓడలకు వేసే వరుస ఇదే, ఆ పని తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఇళ్లకు వేసే ఎనామిల్ పెయింటు దీనికి బదులు కాదు. పైపూతకు తెలుపు లేదా లేత రంగు ఎంచుకోండి. కొత్తగా కోసిన అంచులను, వెల్డింగు అతుకులను తుప్పు ముందుగా తినేస్తుంది, వాటికి చేత్తో కుంచె పట్టి అదనపు పూత వేయించాలి. తీరానికి దగ్గరైతే ఏడాదికోసారి మంచినీళ్లతో కడిగి, పెచ్చు లేచినచోట వెంటనే సరిచేయాలి.

మొత్తం గోడలు ఉక్కు కాబట్టి ఎర్తింగు, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు రెండూ ఉండాలి. ఇందులో బేరం లేదు.

కాగితాలు

పునాది లేదు కాబట్టి అనుమతి అక్కరలేదని ఎవరైనా అంటే నమ్మి డబ్బు కట్టవద్దు. నివాసానికి వాడుతూ కరెంటు, నీళ్లు, సెప్టిక్ ట్యాంకు పెడితే అది ఇల్లే. నగరంలో నగరపాలక సంస్థ జీవీఎంసీని, బయట పంచాయతీని, మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ప్రణాళికలో ఆ నేల ఏ వాడకానికి ఉందో ముందే అడగండి. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూములు, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉన్న సర్వే నంబర్లు లీజుకైనా సరే తప్పించుకోవాలి. సముద్రం ఒడ్డున తీర నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. గ్రామీణ తీరంలో సముద్రపు పోటు గరిష్ఠంగా చేరే రేఖ నుంచి 200 మీటర్ల వరకు కట్టడాలకు చోటివ్వకపోవడం సాధారణ నియమం. జనసాంద్రత ఎక్కువ ఉన్న గ్రామాలకు 2019 నోటిఫికేషన్ దాన్ని 50 మీటర్లకు తగ్గించినా, అది మీ గ్రామానికి వర్తిస్తుందో లేదో ఆమోదం పొందిన తీర పటంలో చూసుకోవాలి.

ఇవన్నీ కుదిరితే నా ఎంపిక ఇది: దారి అనుమతిస్తే ఒకే ప్రయాణం చేసిన 40 అడుగుల హై క్యూబ్, లోపల పఫ్, పైన విడి కప్పు, ఓడల రంగు. దారి ఇరుకైతే 20 అడుగుల హై క్యూబ్ దొరికేదాకా ఆగడం. ఆగలేకపోతే 10 అడుగుల వెడల్పు పోర్టా క్యాబిన్. ఎత్తు తక్కువ కంటైనరును సామాన్ల గదికో దుకాణానికో వాడుకోండి.

ఫ్యాబ్రికేటరుతో ఒప్పందం రాసేటప్పుడు నురగ మందం, రంగు పూతలు ఎన్ని, ఒక్కొక్కటీ ఎన్ని మైక్రాన్ల మందం, కిటికీ ఫ్రేములకు వాడే పైపు కొలత పేరుపేరునా రాయించుకోండి. నురగ కొట్టకముందు ఒకసారి, బోర్డు మూయకముందు ఒకసారి మీరు వచ్చి చూస్తారని అందులోనే పెట్టండి. డబ్బు విడతలు ఆ రెండు తనిఖీలకు ముడిపెట్టండి. చివరి విడత మాత్రం స్థలంలో బిగించి, గట్టి వాన ఒకటి పడి, కిటికీల చుట్టూ చేయి పెట్టి చూసుకున్నాకే ఇవ్వండి.